టిక్కు పెట్టిన పుస్తకాలు

గ్రంథాలయంలో ఒక పుస్తకం పోయిందని తేల్చడానికి మనకు నియమాలున్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వర్తించే 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో 215వ నియమం ఆ పద్ధతంతా చెబుతుంది. 20 వేల సంపుటాల లోపు ఉన్న గ్రంథాలయం ఏటా లెక్క చూసుకోవాలి. 20 వేల నుంచి 50 వేల దాకా ఉంటే మూడేళ్లకోసారి. 50 వేలు దాటితే మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనా తనిఖీ చేయాలి. ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి 1,000 సంపుటాలకు 5 పోతే, మోసమో నిర్లక్ష్యమో కారణం కానంతవరకు, అది సహజ నష్టం. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం పోయినా, ధరతో నిమిత్తం లేకుండా అరుదైన పుస్తకం పోయినా విచారణ జరగాల్సిందే.

మంచి నియమాలే. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నేను పనిచేసినన్నాళ్లూ ఎన్నో వేసవి సెలవులు ఈ తనిఖీలతోనే గడిచాయి. ఒకరు రిజిస్టరులోంచి పుస్తకానికి ఇచ్చిన వరస సంఖ్య (అక్సెషన్ నంబరు) చదువుతారు. ఇంకొకరు అరలో ఆ పుస్తకం వెన్ను చూసి ‘ఉంది’ అంటారు. టిక్కు పడుతుంది. పుస్తకం తెరిచి చూడమని ఏ నియమమూ అడగదు.

నా ఆందోళనంతా ఆ టిక్కు గురించే. 1900 నుంచి 1950 దాకా అచ్చయిన తెలుగు పుస్తకాలు, అంతకు మించి పత్రికలు, మన విశ్వవిద్యాలయాల స్టాక్ రూముల్లో ఉన్నాయి. రిజిస్టరు ప్రకారం క్షేమంగానే ఉన్నాయి. తెరిస్తే వాటిలో చాలా వాటి పేజీలు కుట్టు దగ్గర అప్పడంలా విరుగుతున్నాయి. పోయిన పుస్తకం మీద విచారణ ఉంటుంది. అరలోనే ఉండి చదవడానికి పనికిరాకుండా పోతున్న పుస్తకానికి రిజిస్టరులో ఒక గడి కూడా లేదు.

ఇది దుమ్ము వల్లో చెదపురుగుల వల్లో వచ్చిన జబ్బయితే ఇంత కలవరపడనక్కర్లేదు. శుభ్రం చేసుకోవచ్చు, మందు కొట్టుకోవచ్చు. ఇది కాగితంతోనే పుట్టిన జబ్బు. పూర్వం గుడ్డపేలికలతో చేసిన కాగితం మూడు నాలుగు వందల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. 19వ శతాబ్దంలో అచ్చుపని పెరిగి పేలికలు చాలక మిల్లులు కర్ర గుజ్జుకు మారాయి. సిరా పాకకుండా ఉండేందుకు రోజిన్ జిగురును, అది గుజ్జుకు పట్టుకునేందుకు అల్యూమినియం సల్ఫేటును కలిపాయి. కాగితం మిల్లులవాళ్లు పటిక అనేది దీన్నే. ఇది గాలిలోని తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం కాగితంలోని సెల్యులోజు పోగులను ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తెంచుతుంది. పొట్టివైపోయిన పోగులు మడతకు ఆగవు. కర్రలో సహజంగా ఉండే లిగ్నిన్ వెలుగు తగిలి కాగితాన్ని పచ్చబరుస్తుంది, ఆమ్లాన్ని ఇంకా పెంచుతుంది. చౌకరకం న్యూస్‌ప్రింటులో లిగ్నిన్ అన్నిటికన్నా ఎక్కువ. మన పాత పత్రికల్లో చాలా భాగం అచ్చయింది ఆ కాగితం మీదే.

దీన్ని కొలిచి చూపినవాళ్లున్నారు. అమెరికాలో విలియం బారో 1900–1949 మధ్య అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని పరీక్షించి, వాటిలో 97 శాతం యాభయ్యేళ్లకు మించి వాడకానికి నిలవవని 1959లో ప్రకటించాడు. ఆ తర్వాత యేల్ విశ్వవిద్యాలయం 36 వేలకు పైగా సంపుటాలను నమూనాగా తీసి చూసుకుంది. 1985లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం సుమారు 37 శాతం పుస్తకాల కాగితం పెళుసెక్కింది. 80 శాతానికి పైగా పుస్తకాలు ఆమ్లగుణంతో ఉన్నాయి. పెళుసుదనం కొలిచే పద్ధతి సులువైనదే. పేజీ మూలను ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ మడుస్తూ పోవాలి. ఎన్ని జతల మడతలకు ఊడిపోతుందో లెక్కపెట్టాలి.

ఈ పరీక్షను తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట వినదగ్గదే. నికల్సన్ బేకర్ 2001లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. చదవడమంటే పేజీ మూల మడవడం కాదనీ, మడతకు ఆగని పేజీని కూడా జాగ్రత్తగా తిప్పి చదవవచ్చనీ, ఈ పరీక్షను సాకుగా చూపి అమెరికన్ గ్రంథాలయాలు మైక్రోఫిల్మ్ తీసుకుని అసలు పత్రికలను పారేశాయనీ అతని ఆరోపణ. బారో జోస్యం చెప్పినంత తొందరగా పుస్తకాలన్నీ పొడికాలేదన్నదీ నిజమే. నా అనుభవమూ అదే. పెళుసెక్కిన కాగితాన్ని కదపకపోతే చాలాకాలం ఉంటుంది. కానీ కదపకుండా ఉంచితే అది గ్రంథాలయమెలా అవుతుంది? ఫోటోకాపీ యంత్రం అద్దం మీద బోర్లించి వెన్ను నొక్కితే ఒక్క పరిశోధక విద్యార్థి చేతిలోనే సంపుటం రెండు ముక్కలవుతుంది. ఇందులో ఆ విద్యార్థి తప్పేమీ లేదు.

పైగా ఆ లెక్కలు చల్లటి ఊళ్లలో తీసినవి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కాగితంలో ఈ చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది సంరక్షకులు వాడే స్థూలమైన లెక్క. గుంటూరు, వరంగల్లు వేసవుల్లో ఏసీ లేని పై అంతస్తు స్టాక్ రూము ఎలా ఉంటుందో అక్కడ ఒక్క మధ్యాహ్నం నిలబడిన వారికి చెప్పక్కర్లేదు. విశాఖలో ఎండకు సముద్రపు తేమ తోడవుతుంది. అలాంటి గదుల్లోని మన పుస్తకాల్లో ఎంత శాతం పెళుసెక్కాయో చెప్పే అంకె ఏదీ నాకు కనిపించలేదు. యేల్ తన జబ్బును నలభై ఏళ్ల కిందటే కొలుచుకుంది.

పోయేదేమిటో పేర్లతో చెప్పాలి. 1902లో మొదలైన కృష్ణా పత్రిక. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసులో దినపత్రికయిన ఆంధ్రపత్రిక. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన భారతి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో తెచ్చిన గోలకొండ పత్రిక. 1928 నుంచి వచ్చిన గృహలక్ష్మి. పుస్తకమైతే పునర్ముద్రణ జరిగే వీలుంది. పత్రికకు ఆ అదృష్టం లేదు. పాఠకుల ఉత్తరాలు, ప్రకటనలు, ఒక కథ తొలిసారి అచ్చయిన రూపం, ఇప్పుడు ఎవరికీ పేరు తెలియని రచయిత్రుల వ్యాసాలు ఆ సంచికల్లో తప్ప ఇంకెక్కడా లేవు. తెలుగు ఆధునిక సాహిత్య చరిత్రలో ఏ తేదీ మీద తగాదా వచ్చినా చివరికి ఆ సంచికే తెరవాలి.

ఇంకెక్కడో ప్రతులు ఉంటాయిలే అనుకుంటాం. చూద్దాం. పుస్తకాలు, పత్రికల నమోదు కోసం 1867లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసింది కాబట్టి మద్రాసు ప్రెసిడెన్సీలో అచ్చయినవాటిలో కొన్ని లండన్ చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు బార్నెట్ 1912లోనే కేటలాగు అచ్చువేయగలిగాడు. నిజాం రాజ్యం ఆ చట్టం పరిధిలో లేదు. తెలంగాణలో అచ్చయిన పాత తెలుగు పత్రికలకు ఆ దారి కూడా మూసుకుపోయినట్టే. స్వాతంత్ర్యం తర్వాత 1954లో వచ్చిన చట్టం ప్రకారం ప్రచురణకర్తలు ప్రతులు పంపాల్సింది నాలుగు చోట్లకు: కలకత్తా జాతీయ గ్రంథాలయం, మద్రాసు కన్నెమరా, బొంబాయి ఏషియాటిక్ సొసైటీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. వీటిలో తెలుగు నేల మీద ఉన్నది ఒక్కటీ లేదు. 1962 నుంచి అమెరికా తన పి.ఎల్. 480 నిధులతో భారతీయ భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపడం మొదలుపెట్టింది. అందుకే ఆ తర్వాతి తెలుగు పుస్తకాలు షికాగో, విస్కాన్సిన్ వంటి చోట్ల చల్లటి గదుల్లో భద్రంగా దొరుకుతాయి. వాటికంటే ముందరి యాభయ్యేళ్లవే అటూ ఇటూ కాకుండా మిగిలాయి. వాటికి దిక్కు మన విశ్వవిద్యాలయాలు, వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి కొద్ది సంస్థలే.

వీటిలో విశ్వవిద్యాలయానికి బాధ్యత ఎక్కువ. జీతమిచ్చి పుస్తకాల మనిషిని పెట్టుకోగలిగిన సంస్థ అదే. ఆ మనిషి సంగతికి ఇప్పుడు వస్తాను.

1924 జనవరిలో ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి గ్రంథాలయాధికారిగా చేరాడు. అప్పటికి ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెబుతున్నవాడు. చేరిన కొద్దిరోజులకే ఆ ఒంటరి ఉద్యోగం భరించలేక, తిరిగి తన పాఠాలకు పంపేయమని అడిగాడు. లండన్ వెళ్లి చదివొచ్చాక కూడా అదే మాటంటే అప్పుడు చూద్దామన్నారు. వెళ్లి వచ్చాక ఆ మాట మళ్లీ అనలేదు. అక్కడే ఇరవయ్యేళ్లు ఉండిపోయాడు. 1931లో ఐదు సూత్రాలు, 1933లో కోలన్ వర్గీకరణ ఆ కుర్చీలోంచే వచ్చాయి. ఆయన మేధ గురించి అందరూ చెబుతారు. నాకు ఆ ఇరవయ్యేళ్లే ముఖ్యంగా కనిపిస్తాయి.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అలాంటి మనిషి అబ్బూరి రామకృష్ణారావు. మల్లికాంబ, ఊహాగానం రాసిన కవిగా సాహిత్యలోకానికి తెలిసినంతగా గ్రంథాలయాధికారిగా ఆయన తెలియడు. 1935లో వాల్తేరులో గ్రంథాలయ శాస్త్ర బోధన మొదలైంది ఆయన చొరవతోనే. దేశంలో విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ చదువు చెప్పిన తొలి చోట్లలో అదొకటి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. అలాంటి వేళ ఏ పుస్తకాలు ముందు కదలాలో, ఏవి పోతే మళ్లీ దొరకవో చెప్పగలిగే మనిషి ఎంత అవసరమో ఆలోచించండి. ఆయన కోడలు అబ్బూరి ఛాయాదేవి ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో డిప్యూటీ లైబ్రేరియన్‌గా పనిచేసింది. కథారచయిత్రిగా 2005లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. ఒకే ఇంట్లో రెండు తరాలు, రెండు విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు. ఇది ఒక వృత్తిగా, జీవితం పెట్టదగ్గ పనిగా ఉన్న కాలం అది.

జీవితం పెట్టడం అని ఊరికే అనడం లేదు. కాగితం చచ్చిపోవడం రెండేళ్లలో కనిపించేది కాదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు భారతి పాత సంపుటాలను మామూలుగా తిరగేసేవాళ్లం. పేజీల అంచులు కాస్త గోధుమరంగు తిరిగేవి, అంతే. మధ్యలో ఎప్పుడో బైండరు అతను సంపుటం తిరిగి కుట్టడానికి ఒప్పుకోలేదు, సూది పెడితే చిల్లు దగ్గరే చిరుగుతోందని. పదవీ విరమణ నాటికి అవే సంపుటాలు తీసిన చోట బల్ల మీద గోధుమరంగు పొడి మిగిలేది. ఈ మూడు దశలనూ ఒకే మనిషి చూస్తేనే ఇది ప్రమాదమని తెలుస్తుంది. మధ్యలో వచ్చి చూసినవాడికి పాత పుస్తకం ఎప్పుడూ అలాగే ఉంటుందనిపిస్తుంది.

ఆ ఒకే మనిషిని మనం తీసేశాం. కాగితం మీద హోదాకు లోటు లేదు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయ లైబ్రేరియన్‌ది ప్రొఫెసరుతో సమానమైన జీతం. గ్రంథాలయ శాస్త్రంలో పీహెచ్‌డీ ఉండాలి, కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి. ఆచరణలో తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల ఆ కుర్చీలో ఉండేది ఇన్‌చార్జి. వేరే విభాగంలో పాఠాలు చెప్పుకుంటూ అదనపు బాధ్యతగా సంతకాలు పెట్టే ఆచార్యులు, రెండు మూడేళ్లలో మారిపోతారు. వాళ్లలో ఎంతో శ్రద్ధ ఉన్నవాళ్లను చూశాను, వ్యక్తులను తప్పుపట్టడం లేదు. వాళ్ల కింద సహాయ లైబ్రేరియన్లు రిటైరైన చోట కొత్తవాళ్లు రారు. అటెండర్లు వెళ్లిపోతారు. ఫలానా దాత ఇచ్చిన పెట్టెలు ఇంకా అక్సెషన్ కాలేదని, ఫలానా ఏడు సంపుటంలో మార్చి సంచిక మొదటినుంచీ లేదని, వాన జల్లు ఏ కిటికీలోంచి ఏ అర మీదికి కొడుతుందో, ఇవేవీ రిజిస్టరులో ఉండవు. మనిషితో వచ్చి మనిషితో పోతాయి.

ఇక్కడ అందరూ అనే మాట ఒకటుంది: ‘స్కాన్ చేయించేశాం కదా.’ దీనికి జవాబు జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే స్కానింగు గొప్ప మేలు చేసింది. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించి అందరికీ చదువుకునే వీలు కల్పించింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లక్షల పుస్తకాలను అంతర్జాలంలో పెట్టింది, అందులో తెలుగువి వేలకు వేలు. కానీ 2017లో కాపీరైటు ఫిర్యాదులు వచ్చి ఆ సైటు మూతపడింది. మనకు ఇవాళ ఆ పుస్తకాలు దొరుకుతున్నాయంటే, ఓపికున్న స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించబట్టి. 2024 అక్టోబరులో సైబర్ దాడి వల్ల ఆ ఆర్కైవ్ కూడా కొన్నాళ్లు ఆగిపోయింది. అంతకు ఏడాది ముందు, 2023 అక్టోబరులో, బ్రిటిష్ లైబ్రరీ మీద దాడి జరిగింది. దాని కేటలాగు తిరిగి పాఠకులకు అందేసరికి మరుసటి జనవరి వచ్చింది, అదీ పూర్తి రూపంలో కాదు. అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉన్నచోట ఆ పరిస్థితి. అక్కడ పాఠకులకు మిగిలిన ధైర్యం ఒక్కటే, పుస్తకాలు అరల్లో భద్రంగా ఉన్నాయని.

స్కాన్ల నాణ్యత సంగతి వాడేవాళ్లకు తెలుసు. మధ్యలో పేజీలు ఉండవు, అంచు అక్షరాలు కోసుకుపోతాయి, నలుపు తెలుపు బొమ్మలో పొల్లులు, వత్తులు మాసిపోతాయి. రచయిత పేరు ఇంగ్లీషు లిపిలో ఇష్టమొచ్చినట్టు ఎక్కి వెతికితే చిక్కదు. వీటిని సరిచేయాలంటే మళ్లీ కాగితం దగ్గరికే వెళ్లాలి. ఆ కాగితం ఇంకెన్నాళ్లుంటుందన్నదే నా ప్రశ్న.

డబ్బు లేదనడానికి వీల్లేదు. ఒకే దేశం ఒకే చందా పథకానికి 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల 13 వేల దాకా పత్రికలు 6,300కు పైగా సంస్థలకు అందుతాయి. చిన్న ఊళ్లోని సైన్సు విద్యార్థికి అది వరం, నేను మనసారా హర్షిస్తాను. అయితే చందా అంటే చదివే హక్కు. ఆ పత్రికలు ప్రచురణకర్త సర్వర్లో ఉంటాయి, ప్రపంచంలో మరెన్నో చోట్ల ఉంటాయి, మనం కాపాడకపోయినా బతుకుతాయి. గోలకొండ పత్రికకు ఆ భరోసా ఎవరివ్వాలి?

ఇప్పుడు చేయదగ్గ పని పెద్దదేమీ కాదు. అక్సెషన్ రిజిస్టరులో 1950కి ముందరి తెలుగు సంపుటాలను తీసుకుని, లాటరీ పద్ధతిలో 400 నంబర్లు ఎంచుకోవాలి. అంత నమూనా ఉంటే ఫలితం నూటికి 95 సార్లు అటూ ఇటూ 5 శాతానికి మించి తప్పదు. ప్రతి సంపుటానికీ నాలుగు విషయాలు రాసుకోవాలి: దొరికిందా, పేజీలు అన్నీ ఉన్నాయా, ఆమ్లం చూపే పెన్నుతో గీస్తే ఏ రంగు వచ్చింది, మూల ఎన్ని మడతలకు ఆగింది. అరుదైన సంపుటాల్లో మడత పరీక్ష ఖాళీ ఆకు మీదే చేయాలి, అది లేకపోతే మానేయాలి. గ్రంథాలయ శాస్త్రం చదివే విద్యార్థులు నలుగురు ఒక సెలవుల్లో పూర్తిచేయగలరు. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర, కాకతీయ, నాగార్జున, హైదరాబాదు విశ్వవిద్యాలయాలు, తెలుగు విశ్వవిద్యాలయం ఒకే ఫారంతో ఈ పని చేస్తే, ఏ పత్రిక ఏ సంపుటం ఎవరి దగ్గర మెరుగ్గా ఉందో ఒక ఉమ్మడి జాబితా తయారవుతుంది. అప్పుడు అన్నిటినీ కాపాడాల్సిన పనిలేదు. ఉన్నవాటిలో మంచి ప్రతిని ఆమ్లం లేని అట్టపెట్టెలో పెట్టి, ఏడాది పొడవునా చల్లగా ఉంచే ఒక గదిలోకి చేర్చాలి. సరైన స్కాను ఒకటి తీసి, ఆ తర్వాత కూడా కాగితాన్ని ఉంచాలి. ఆ స్తోమత వచ్చేదాకా సెల్లోటేపు వేయవద్దు, ప్లాస్టిక్ లామినేషన్ చేయించవద్దు. రెంటినీ తర్వాత కాగితం పాడవకుండా విడదీయడం చాలా కష్టం.

అంతవరకు, వచ్చే తనిఖీలోనే చేయగలిగినది ఒకటుంది. ‘ఉంది’, ‘లేదు’ పక్కన మూడో గడి ఒకటి గీసి, దానికి ‘తెరిచి చూశాం’ అని పేరు పెట్టండి. ఆ గడి నింపినవారి పేరు, తేదీ రాయించండి. అదే సంపుటాన్ని పదేళ్ల తర్వాత తెరిచేవాళ్లకు పోల్చి చూసుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. ఆ గడి కింద సంతకం చేయాల్సింది లైబ్రేరియన్ కాబట్టి, ఆ పోస్టు ఖాళీగా ఉన్నచోట అది ఖాళీగా ఉందని కూడా తనిఖీ నివేదికలోనే రాసి విశ్వవిద్యాలయ కౌన్సిలుకు పంపండి.